పంతొమ్మిది రోజుల్లో వచ్చిన ఓడ

“మార్కూ, నీ చెల్లె మొగుణ్ని నువ్వే చంపినవా?”

డిటెక్టివ్ హమీద్ ఈ మాటను, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అడిగాడు. కటకటాల వెనక గోడకానుకుని కూర్చున్న మార్కు ఉలిక్కిపడలేదు. కళ్లు మాత్రం ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

“మీరు గూడ గదే అడుగుతాండ్రా అన్నా?”

“నేను అడిగితే నీకు నష్టం లేదు. మూడు గంటలకు కోర్టుల మేజిస్ట్రేట్ అడుగుతడు. అప్పటికల్ల నాకు జవాబు దొరకాలె. ఇప్పుడు టైమెంత?”

మార్కు స్టేషన్ గోడ మీది గడియారం చూశాడు. “పదీ ఇరవై.”

జరిగిన సంగతి చూస్తే నాలుగు మాటల్లో తేలిపోయేదే. మొన్న మంగళవారం, డెబ్బయి రెండు ఏప్రిల్ పదకొండున, సాయంత్రం ఆరూ నలభైకి రాళ్లవాగు ఇంక్లైన్‌లో ఇనప తాడు తెగింది. ఏటవాలుగా భూమిలోకి దిగే ఆ గనిలో బొగ్గు టబ్బుల్ని పైకి లాగేది ఆ తాడే. పదకొండు నిండు టబ్బులు వెనక్కి దొర్లాయి. కింద టబ్బులకు కొక్కెం తగిలించే యిర్మియా వాటి కింద పడి అక్కడికక్కడే పోయాడు. పైన ఇంజను గదిలో తాడును నడుపుతున్న డ్రైవరు మార్కు. యిర్మియా పెండ్లాం సువార్త మార్కుకు సొంత చెల్లెలు.

తాడు కొత్తది. ఎక్కించి నాలుగు రోజులు కూడా కాలేదు. కొత్త తాడు ఊరికే తెగదు కాబట్టి డ్రైవరే కావాలని ఇంజనుకు ఝట్కా ఇచ్చి తెంపాడని ఇన్‌స్పెక్టర్ సదయ్య ఆ సాయంత్రమే రాసేశాడు. కారణం కూడా ఆయనకు చేతికందినట్టు దొరికింది. ఆదివారం చర్చి విడిచాక యిర్మియా వాకిట్లో బావా బామ్మర్దులు కొట్లాడుకోవడం కార్మికుల క్వార్టర్ల లైను లైనంతా చూసింది. “నీ చెయ్యి నరుకుత” అని మార్కు అరిచాడని ఏడుగురు సాక్ష్యం చెప్పారు.

“ఆ కొట్లాట దేని గురించి?”

మార్కు గోళ్లలోని బొగ్గుమసి గీక్కున్నాడు.

“ఆడదాని గురించా? తాగుడు గురించా?”

“ఆయన తాగడు. ఆయన పాస్టరు గారు లేనినాడు ప్రసంగం చెప్పేటోడు.”

“మరి దేని గురించి?”

“చెప్ప.”

“ఉరికంబం ఎక్కిస్తరు మార్కూ.”

“ఎక్కించనియ్యి అన్నా. చెప్పేదుంటే సదయ్య సారు కొట్టినప్పుడే చెప్తుంటి.”

హమీద్ ఆ మొహాన్ని పరీక్షగా చూశాడు. బొంబాయి రేవులో కస్టమ్స్ కొలువు చేసిన పద్నాలుగేళ్లలో ఆయన అబద్ధం చెప్పే మొహాలు వేలు చూశాడు. ఇది అబద్ధం దాచే మొహం కాదు. ఎవరి పరువో కాపాడుతున్న మొహం.

“పది నిమిషాలన్న, పన్నెండైనయ్ హమీద్ సాబ్!”

గుమ్మంలో లాఠీని చంకలో ఇరికించుకుని ఇన్‌స్పెక్టర్ సదయ్య నిలబడ్డాడు. పొట్టిగా, గట్టిగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉండే మనిషి. లంచం ముట్టడు. తన మాట తప్పని ఒప్పుకున్నది కూడా ఎవరూ చూడలేదు.

“బొంబాయిల బంగారం బిస్కెట్లు ఏరుకునేటోళ్లకు బొగ్గుబాయి కేసు ఎందుకు సాబ్?”

“బిస్కెట్లు నోరిప్పయి ఇన్‌స్పెక్టర్ సాబ్. మనుషులు ఇప్పుతరేమోనని వచ్చిన. తెగిన తాడు చూపిస్తరా?”

“లేదు.”

“లేదంటే?”

“తాడు అమ్మిన హైదరాబాదు ఏజెంటు పరాంకుశం మనిషి వచ్చి పరీక్షకు తీస్కపోయిండు. మొత్తం తాడు, ముక్క మిగల్చకుండ. నేనే సంతకం పెట్టిన.”

“ఎప్పుడు వచ్చిండు?”

“నిన్న పొద్దున ఆరింటికి.”

హమీద్ నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా పోలేదు. “సాయంత్రం ఆరూ నలభైకి తాడు తెగితే, తెల్లారి ఆరింటికి హైదరాబాదు మనిషి దిగిండు. ఇంట్ల చావైతే చుట్టాలు గూడ గంత జల్ది రారు సాబ్. ఆయనకు కబురు ఎవరు పంపిండ్రని అడిగిండ్రా?”

సదయ్య చంకలోని లాఠీ చేతిలోకి తీసుకున్నాడు. “నా కేసు నాకు నేర్పకు. రెండింటికి వీన్ని జీపుల ఎక్కిస్త. దమ్ముంటే గాలోపట ఏమన్న పట్టుకరా.”

*

సువార్త ఇల్లు లైనులో ఏడోది. చాపల మీద చుట్టాలు, మధ్యలో బైబిలు. మనిషిని పూడ్చి ఇంకా ఒక రోజు కూడా నిండలేదు. సువార్త మాత్రం ఒక దగ్గర కూర్చోలేక, వచ్చినవాళ్లకు చాయ పెడతానని వంటింట్లో పొయ్యి ముందు చేరింది. హమీద్‌కు డబ్బిచ్చి ఈ పని అప్పగించింది కూడా ఆమే. మొగుణ్ని పోగొట్టుకున్న మనిషి, చంపాడంటున్న అన్నను విడిపించమని అడిగితే బస్తీలో సగంమంది చెవులు కొరుక్కున్నారు.

“చెల్లె, ఆదివారం కొట్లాట దేని గురించి?”

ఆమె పొయ్యిలో పుల్లలు సర్దుతూనే, “అన్న చెప్పలేదా?” అంది.

“నోరిప్పుతలేడు.”

సువార్త చేతులు ఆగిపోయాయి. “ఆయన దొంగ అనిపించుకోవద్దని” అంది. “చచ్చినోన్ని పట్టుకొని లోకం దొంగ అంటదని, మా అన్న ఉరికి గూడ తయారైండు చూడు.”

“ఏం దొంగతనం?”

“ఏముందన్నా! కొత్త తాడు ఎక్కించినప్పుడు కొస కోసి పారేస్తరు గదా. గది తెచ్చిండు. ఈ లైన్ల ఎవరు తేరు? పురులు విప్పి బట్టలారేసే దండేలు కట్టుకుంటం. నడుమల నార ఉంటది, పొయ్యి అంటిచ్చుకుంటం. మా అన్నకు డ్రైవర్ కొలువాయె, ఫికర్ ఎక్కువ. కంపెనీ మాలు ఇంట్ల దొరికితే ఇద్దరి నౌకర్లు పోతయని ‘నీ చెయ్యి నరుకుత’ అన్నడు. ఆయన నవ్విండు. అగో, గంతే కొట్లాట.”

అంటూనే ఆమె పక్కనున్న నల్లటి నార తుంచి పొయ్యిలోకి దూర్చి అగ్గిపుల్ల గీసింది.

“ఆగు!”

హమీద్ ఒక్క ఉదుటున వంగి మండబోతున్న నారను చేత్తో లాగేశాడు. వేలు చురుక్కుమంది. సువార్త నిర్ఘాంతపోయి వెనక్కి జరిగింది.

“ఇదేనా ఆ తాడు నడుమ ఉన్న నార?”

“అవ్. ఎందుకన్నా? పాడు నార. కొత్త తాడంటే నార చమురు కారుకుంట ఉండాలె, పుల్ల చూపిస్తే భగ్గుమనాలె. గిది బూడిద లెక్క రాలుతాంది. మూడుసార్లు గీస్తెగాని అంటుకోదు. ‘ఇదేం కొత్త తాడయ్యా’ అని ఆయనను అడిగిన గూడ.”

హమీద్‌కు అప్పుడర్థమైంది. రాళ్లవాగులో ఇంజనీర్లు చూసి, ఇన్‌స్పెక్టర్లు చూసి సంతకాలు పెట్టిన తాడు గుట్టు ఈ ఇల్లాలికి పొయ్యి దగ్గర తెలిసిపోయింది. తాడు బతికి ఉన్నన్నాళ్లు దాని నడుమ నార నూనె తాగి ఉంటుంది. ఎండి పొడి అవుతోందంటే ఆ తాడు ఏళ్ల తరబడి బరువులు మోసి, ఊటంతా ఆవిరైపోయిన తాడు.

ఆయన పెరట్లోకి పరుగెత్తాడు. దండెం మీద యిర్మియా ఖాకీ అంగీ ఆరేసి ఉంది. దాన్ని మెల్లగా ఒక పక్కకు జరిపి, రుమాలుకు కిరసనాయిలు అద్ది దండెం ఇనప పురిని జేనెడు మేర తుడిచాడు. పైన దట్టంగా పూసిన కొత్త గ్రీజు వదిలింది. కింద తీగలు గుండ్రంగా లేవు. ఒక వైపంతా అరిగి, చదునై, కొత్త రూపాయిలా తళతళలాడుతున్నాయి.

కొత్త తాడు కాదు. ఎక్కడో తన పని ముగించుకున్న తాడుకు గ్రీజు పూసి కొత్త పెళ్లికూతుర్ని చేశారు.

హమీద్ అక్కడే గొంతుక్కూర్చుని నారను పోగు పోగుగా విప్పాడు. నడిమధ్యలో, మసిబట్టిన పీచు లోపల, సన్నటి దారం కనిపించింది. ఆకుపచ్చది ఒకటి. దాన్ని పెనవేసుకుని తెల్లవి రెండు.

ఆయన ఆ మూడు దారాలను ఎండకు పట్టి చూశాడు. సువార్త భయపడి, “ఏమైందన్నా? గట్ల తెల్లవోతివి?” అని రెండుసార్లు అడిగింది.

“చెల్లె, నీ మొగడు దొంగ కాదు. ఆయన తెచ్చిన ఈ ముక్క తప్ప, మీ అన్న నిర్దోషి అనేటందుకు ఈ దునియల ఇంకో సాక్ష్యం మిగల్లేదు.”

*

కంపెనీ స్టోర్స్‌లో గుమస్తా రాయమల్లు ఒప్పుకోడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఎర్ర టేపు విప్పి తాడు కాగితాలు బల్ల మీద పరిచేసరికి రెండూ పది. హమీద్ మొదటి కాగితం పక్కన పెట్టాడు. రెండోది పక్కన పెట్టాడు. మూడోది ఓడ రసీదు. దాని మీద ఆయన వేలు ఆగింది.

వెనక జీపు ఆగిన చప్పుడు. సదయ్య లోపలికి వచ్చాడు. ఆయన వెనకే ఒక కానిస్టేబుల్, బేడీలతో మార్కు. కోర్టుకు పోయే దారిలో తాడు సర్టిఫికెట్ నకలు తీసుకోడానికి ఆగారు.

“అబ్బో, డిటెక్టివ్ గారు నాకన్న ముందే వచ్చిండ్రు! రాయమల్లూ, ఆ సర్టిఫికెట్ ఇటియ్యి. తాడు కొత్తది, విలాయతుది అని మేజిస్ట్రేట్‌కు చూపియ్యాలె.”

“చూపియ్యుండ్రి. ఆయనకు ప్రపంచ పటం చూసుడు వస్తే మీ నౌకరీ పోతది” అన్నాడు హమీద్.

“ఏమన్నవ్?”

“ఈ ఓడ లివర్‌పూల్‌ల ఎప్పుడు బయలెల్లిందో చదువుండ్రి.”

సదయ్య కాగితం గుంజుకున్నాడు. “జనవరి తొమ్మిది.”

“బొంబాయి ఎప్పుడు చేరింది?”

“జనవరి ఇరవై ఎనిమిది.”

“అంటే పంతొమ్మిది రోజులు. పద్నాలుగేండ్లు గీ కాగితాలే చూసిన సాబ్. ఒకప్పుడు పంతొమ్మిది రోజులల్లనే వచ్చేది, సూయజ్ కాలువల నుంచి. అరవై ఏడు జూన్‌ల అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ లడాయి అయింది. ఆనాటి నుంచి కాలువ బంద్. ఇప్పుడు విలాయత్ నుంచి వచ్చే ప్రతి ఓడ ఆఫ్రికా ఖండం చుట్టు తిరిగి రావాలె. ముప్పై రెండు, ముప్పై మూడు రోజులకు తక్కువైతే రాదు. మరి ఈ ఓడ ఎగిరొచ్చిందా?”

సదయ్య కాగితం బల్ల మీద పెట్టాడు. రాయమల్లు ముందుకు వంగి తేదీలు మళ్లీ లెక్కపెట్టుకున్నాడు.

“ఆ పరాంకుశం పాత రసీదు ఒకటి ముందల పెట్టుకొని నకలు కొట్టించిండు. ముద్రలు అచ్చు గుద్దినట్టు చేసిండు, సంతకాలు చేసిండు. మధ్యల దునియ మారిందని మాత్రం మరిచిపోయిండు.”

“టైపు తప్పు కావచ్చు” అన్నాడు సదయ్య. గొంతులో మునుపటి గట్టితనం లేదు.

హమీద్ జేబులోంచి పొట్లం తీసి నార, దారాలు, దండెం నుంచి కోసుకొచ్చిన చిన్న పురి ముక్క బల్ల మీద పెట్టాడు. వెనక మార్కు గొంతులోంచి సన్నటి మూలుగు వచ్చింది.

“అన్నా, గది ఎందుకు తెచ్చినవే! బావ పేరు...”

“నీ బావ పేరు మీద మచ్చ పడదు. ఊకో. సాబ్, తాడు చేసే ప్రతి కార్ఖానా నడుమ నారల తన గుర్తు దారం పేనుతది. పెయింటు చెరుపొచ్చు, తాడు చుట్టిన రీలు మీద పేరు మార్చొచ్చు. తాడు కడుపులకు ఎవరూ చెయ్యి పెట్టలేరు. మా బొంబాయి ఆఫీసుల ఈ దారాల పట్టిక గోడకు ఉండేది. ఒక పచ్చ, రెండు తెలుపు. ఇది విలాయత్‌ది కాదు. దక్షిణాఫ్రికాది.”

“దక్షిణాఫ్రికా మాలు మన దేశంల అడుగు పెట్టదు గదా?” అన్నాడు రాయమల్లు తెల్లబోయి.

“నలభై ఆరు నుంచి బంద్. అక్కడి తెల్లోళ్లు మనోళ్లను మనుషుల లెక్క చూస్తలేరని మన సర్కారు వాళ్లతోని బేరమే బంద్ పెట్టింది. మంచి పనే. గాని దేన్నన్న బంద్ పెడితే, దానికి దొంగదారి ఎరిగినోడు ఒకడు పుడతడు. అక్కడ బంగారం బాయిలు మైళ్ల లోతు. తాడు ఇన్నేండ్లే వాడాలె, తర్వాత తీసి పారేయాలె. గట్ల పారేసిన తాడును పక్కనున్న పోర్చుగీసోళ్ల రేవుకు మోసి, గ్రీజు పూసి, రీలు మీద విలాయత్ పేరు రాసిండ్రు. దొంగ మాలుకు తండ్రెవరు సాబ్? తెగితే ఏ కార్ఖానాను పోయి అడుగుతవ్?”

“మేము పదకొండు నెలలు కొత్త తాడు అడిగినం సార్,” అన్నాడు రాయమల్లు. “మొన్న పాకిస్తాన్‌తోని లడాయి అయినంక అమెరికా పైసలు ఆపింది, విదేశీ మారకం లేదు, లైసెన్సు దొరకదు అన్నరు. ఇక్కడి కార్ఖానాల అడిగితే రెండేండ్లు ఆగమన్నరు. పాత తాడు అతుకుల మీద అతుకులు వేసి నడుపుకుంట వచ్చినం. గప్పుడు పరాంకుశం వచ్చి నా దగ్గర లైసెన్సు ఉంది, విలాయత్ మాలు తయారుగ ఉందంటే దండం పెట్టి తీసుకున్నం. ఎవరు అనుమానపడుతరు సార్?”

సదయ్య పురి ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. అరిగిన తీగ మీద బొటనవేలు రాశాడు. ఒకసారి. రెండోసారి. ఆ ఇస్త్రీ మడతల మనిషి మొహం మొదటిసారి నలిగింది.

“మంగళవారం నాడు ఈ తాడును నా చేతులతోని పట్టుకొని చూసిన” అన్నాడు నెమ్మదిగా. “గ్రీజు చూసి కొత్తదన్న.”

“నేను గూడ అంటుంటి సాబ్. పొయ్యి అంటిచ్చే ఆడమనిషికి తెలిసింది మనకు తెల్వలే.”

హమీద్ కాగితాలు మడుస్తూ అలవాటు కొద్దీ రీలు కొలత మీద కన్నేశాడు. చెయ్యి గాల్లోనే ఆగింది.

“రాయమల్లూ, రీలు నాలుగు వేల అడుగులు అని ఉంది. రాళ్లవాగుకు ఎన్ని ఇచ్చినవ్?”

“రెండు వేల రెండు వందలు సార్.”

“మిగిలింది ఏది?”

రాయమల్లు రిజిస్టరు తిరగేశాడు. వేలు ఒక వరుస మీద పడింది. ఆ వరుసను మళ్లీ చదివాడు.

“కొత్త ఇంక్లైన్‌కు సార్. నిన్న ఎక్కించిండ్రు.”

“బొగ్గు టబ్బులకా?”

“కాదు సార్. మనుషుల బండికి. షిఫ్టు దిగినోళ్లను కూసోబెట్టి పైకి తెచ్చే బండికి. మొన్నటి ప్రమాదం అయినంక ఈ తాడు వాడాల్నా వద్దా అని మేనేజరు సారు ఆగిండు. పోలీసు రిపోర్టుల తాడు తప్పు లేదు, డ్రైవర్‌దే తప్పు అని రాసి ఉంది గదా అని...”

సదయ్య చేతిలోంచి పురి ముక్క జారి బల్ల మీద పడింది. ఆ రిపోర్టు రాసింది ఆయనే.

“మొదటి ట్రిప్పు ఎప్పుడు?” హమీద్ అరిచాడు.

“ఇయ్యాల్నే. రెండున్నరకు. నలభై ఎనిమిది మంది ఎక్కుతరు.”

గోడ గడియారంలో రెండూ ముప్పై మూడు.

సదయ్య ఒక్క అంగలో టెలిఫోన్ దగ్గరికి దూకాడు. హ్యాండిల్ గిరగిరా తిప్పి, “ఎక్స్‌చేంజ్! కొత్త ఇంక్లైన్ ఇంజను గది! జల్ది!” అని గావుకేక పెట్టాడు. కలిపారు. అవతల గంట మోగడం గదిలో అందరికీ వినిపించింది. ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు.

“ఎత్తడేంది! లోపల మనిషి లేడా?”

“ఉన్నడు సార్,” అన్నాడు మార్కు. అప్పటిదాకా మూల నిలబడ్డ ఆ మనిషి ఒక అడుగు ముందుకు వేశాడు. “బండి నిలబడి ఉంటే డ్రైవర్ ఫోన్ ఎత్తుతడు. మనుషులతోని నడిచేటప్పుడు లివర్ మీదికెళ్లి చెయ్యి తియ్యొద్దు. ఎంత మోగినా ఎత్తొద్దు. అది రూలు.”

గంట మోగుతూనే ఉంది.

“అయితే బండి...” అని సదయ్య మాట మింగేశాడు.

“నడుస్తాంది సార్. ఇప్పుడు ఎవరన్న ఉరికిపోయి ఆపమని గట్టిగ ఒర్రితే, ఆయన ఉలిక్కిపడి ఒక్కసారిగ బ్రేకు గుద్దుతడు. ఇసొంటి తాడుకు గా ఒక్క గుంజుడు చాలు. దాన్ని కదలనట్టే మెల్లగ నిలబెట్టాలె. అలవాటున్న చెయ్యి కావాలె.”

జీపులో పోతే కొత్త ఇంక్లైన్ ఏడు నిమిషాలు. బండి అడుగు నుంచి పైకి రావడానికి పదకొండు నిమిషాలు. మూడు నిమిషాలు ఇప్పటికే గడిచిపోయాయి.

సదయ్య రిసీవర్ పెట్టేయలేదు. అలాగే వదిలేశాడు. అది తీగకు వేలాడుతూ బల్లకు కొట్టుకుంటోంది. బెల్టుకున్న తాళంచెవుల గుత్తి లాగాడు. ఒక చెవి కాదు, రెండో చెవి కాదు. మూడోదానికి మార్కు చేతుల బేడీలు ఊడి కింద పడ్డాయి.

“నడువ్ బిడ్డా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ సదయ్య. “నువ్వే రావాలె.”